వేడి మీద తొక్కి చూడని బ్రేకు

నేను ఎన్ని ఇంజన్లు దించానో, ఏ ఆఫీసరు జీపు బాగుచేసి ఎవరి మెప్పు పొందానో ఇక్కడ రాయడం లేదు. అవన్నీ ఇంట్లోవాళ్లకు చెప్పి చెప్పి విసిగించినవే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఉపయోగపడేది నా దగ్గర ఒకటుంది. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అలాంటి తప్పు మీరూ చేసే వీలుంది. మీ షెడ్లలో మిషన్లు మారాయి గాని, బండి కింద పడుకుని లేచినవాడు చెప్పిందే సత్యమనే మన పొగరు మారలేదు.

తడి ఇసుకలో డబ్బా

మా ఆదోని ఎండ పొడి ఎండ. పంచె తడిపి ఆరేస్తే రెండో కొన ఆరేసేలోపు మొదటి కొన ఎండుతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే లారీ డ్రైవర్లు తమ ఊళ్లలో గాలిలోనే నీళ్లుంటాయని, బండి నాలుగు రోజులు నిలిపితే బ్రేకు డ్రమ్ములు తుప్పు పట్టి పట్టేస్తాయని చెబుతుంటే మేం నవ్వేవాళ్లం. మాకు చెమ్మ బాధ లేదని మా ధీమా. లేని చెమ్మను మేమే తెచ్చి బ్రేకుల్లో పోస్తున్నామని అప్పటికి తెలియదు.

నాకు పని నేర్పింది మహబూబ్ మేస్త్రి. మంచి మనిషి. డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి లోపల ఒరుసుకునే లైనింగు పట్టీ ఎంత మిగిలిందో చెప్పగలిగేవాడు, పది సార్లలో తొమ్మిది సార్లు సరిగ్గానే ఉండేది. మా షెడ్డు పైకప్పు రేకులది. మార్చి దాటితే అల్మారాలో డబ్బాలు పట్టుకోలేనంత కాలిపోయేవి. బ్రేకాయిల్ ఎండకు కాగితే సత్తువ పోతుందని మేస్త్రి నమ్మకం. అందుకని మూత తీసిన డబ్బాను మంచినీళ్ల కడవ కింద ఇసుకలో మెడ దాకా పూడ్చి, మూతికి గుడ్డ కుక్కేవాడు. కడవ నుంచి ఊరే నీటితో ఆ ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది. గుడ్డ కూడా తడిసి చల్లగా ఉండేది. ఆ చల్లదనం చూసి మేం మురిసిపోయేవాళ్లం. మమ్మల్ని చూసి చుట్టుపక్కల షెడ్లవాళ్లు కూడా కడవ కింద డబ్బాలు పెట్టడం మొదలుపెట్టారు.

బ్రేకాయిల్ నీటిని పీల్చుకునే రకం. మూత తీసి ఉంచితే గాలిలో చెమ్మనే పీలుస్తుంది, తడి గుడ్డ కింద పెడితే ఇక చెప్పాలా. చూడటానికి ఏమీ తేడా ఉండదు. వేళ్ల మధ్య రుద్దినా జారుడుగానే ఉంటుంది. కానీ నీళ్లు కలిసిన ఆయిల్ తొందరగా మరుగుతుంది. మరిగితే ఆవిరి అవుతుంది. ఆయిల్ నొక్కితే నొక్కుడు చక్రం దాకా పోతుంది, ఆవిరి నొక్కితే అదే అణిగిపోతుంది. కాలి కింద బ్రేకు లోపలికి దిగబడుతుంది, బండి ఆగదు. ఇదంతా ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను. అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

గట్టి బ్రేకు

దీనికి తోడు ఇంకో వెర్రి. టాక్సీ ఓనర్లు బండి తీసుకునేటప్పుడు సీట్లో కూర్చుని ఒకసారి బ్రేకు తొక్కేవారు. పైపైనే రాయిలా ఆగితే, మెకానిక్కు పనిమంతుడు. కొంచెం దిగితే, పని రాదు. వాళ్ల మెప్పు కోసం మేం బ్రేకులు డ్రమ్ముకు ఒరుసుకునేంత టైటు చేసేవాళ్లం. చక్రం తిప్పితే లోపల కరకరమని పట్టుకుని తిరిగేది. డ్రైవర్లు "బండి బరువుగా పోతాంది" అని మొత్తుకుంటే, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుందని తోలేసేవాళ్లం.

రైలు గేటు నుంచి మార్కెట్ యార్డు దాకా పత్తి బండ్లు, జట్కాలు, అడ్డంగా నిలబడే ఎనుములు. ఆ దారిలో డ్రైవరు కాలు బ్రేకు మీద నుంచి దిగేది కాదు. యార్డు దాటేసరికి డ్రమ్ములు పెనాల్లా కాలేవి. కమురు వాసన వచ్చేది. ఎండాకాలం బండికి ఆ వాసన మామూలే అనేవాళ్లం. చేతి బ్రేకు సంగతి అడగకండి. దాని కేబులు తెగితే మళ్లీ వేసిన బండి మా ఊళ్లో నేను చూడలేదు, నేనూ వేయలేదు.

ఇక్కడే ఒక మాట. డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును నోటితో ఊది ఎగరగొట్టడం మా అలవాటు. మేస్త్రి చివరి రోజుల్లో దగ్గిన దగ్గు నాకింకా వినిపిస్తుంది. మీరు ఊదకండి. తడిగుడ్డతో తుడవండి.

ఎమ్మిగనూరు వీధి

మద్దిలేటి దేవనకొండ పక్క పల్లె నుంచి వచ్చినవాడు. వానలు లేక చేను బీడు పడితే ఆదోనికి వచ్చి, లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవింగు నేర్చుకున్నాడు. సుబ్బయ్య శెట్టి అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. నెమ్మదైన మనిషి. వాళ్ల పల్లెలో స్టీరింగు పట్టుకున్న మొదటివాడు తనేనని ఒకసారి నాతో చెప్పి సిగ్గుపడ్డాడు. ఆ బండి బ్రేకులు చూసేది నేనే.

డెబ్భైల చివర్లో, ఉగాది దాటిన ఎండలు. మంత్రాలయం పక్కన గుడి సేవ చేసుకునే ఒక అర్చకుల కుటుంబం ఆదోనిలో బంధువులింటికి వచ్చి, అక్కణ్నుంచి ఎమ్మిగనూరుకు పెళ్లికి పోవాలని టాక్సీ మాట్లాడుకున్నారు. బండి నిండా జనం, పైన సామాను. ముందు రోజు రాత్రి కూడా మద్దిలేటి ఇంకో పెళ్లివాళ్లను తిప్పాడు, సరిగా నిద్ర లేదు. ఆ పొద్దునే నేను బ్రేకులు గట్టిగా టైటు చేసి, ఇసుకలోని డబ్బా నుంచి ఆయిల్ మార్చి పంపాను.

మిట్టమధ్యాహ్నం ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి దగ్గరికి వచ్చారు. ఆ వీధిలో వాళ్లు పడుగు సాగదీసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా దారాలు కట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. బండి వస్తే కొంత దూరంలో ఆపి, వాళ్లు పక్కకు జరిపేదాకా ఆగడం అక్కడి పద్ధతి. మద్దిలేటి ఆపబోయాడు. కాలు దిగబడింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ దిగబడింది. పడుగు దగ్గర ఆడవాళ్లున్నారు. బండిని ఒక్కసారిగా పక్కకు తిప్పి ఒక ఇంటి రాతి అరుగుకు కొట్టాడు. ఆ తిప్పుడులో పడుగు తెగింది. కొస పట్టుకుని ఉన్న నాగన్న అనే పెద్దాయన మణికట్టు విరిగింది. నేతగాడికి మణికట్టు విరిగితే మగ్గం నిలిచిపోయినట్టే.

మద్దిలేటి బ్రేకు పట్టలేదన్నాడు. ముందు సీట్లో కూర్చున్న అర్చకుడు మాత్రం, అరుగుకు తగిలే ముందు డ్రైవరు తల కిందికి వాలడం కళ్లారా చూశానన్నాడు. రాత్రంతా బండి తోలాడనే సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

పోలీసుల దాకా పోకుండా వీధి పెద్దలు, శెట్టి కూర్చుని తేల్చుకోవాలనుకున్నారు. మరుసటి రోజు పొద్దున్నే మొదటి బస్సుకు శెట్టి నన్ను తీసుకుపోయాడు. వీధంతా జనం. నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. రాయిలా ఉంది. మళ్లీ మళ్లీ తొక్కాను. చక్రం విప్పి చూశాను. లైనింగు కొత్తది, ఎక్కడా కారలేదు, ఆయిల్ నిండుగా ఉంది. రాత్రంతా బండి చల్లారి, లోపలి ఆవిరి మళ్లీ ఆయిల్‌లో కలిసిపోయిందని ఊహించే బుర్ర నాకు లేదు. లేచి నిలబడి, బ్రేకులో ఏ లోపమూ లేదని అందరికీ వినపడేలా చెప్పాను. నా పనితనం మీద మాట రాలేదని లోపల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషం గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ రోత.

మద్దిలేటి నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"వీరేశన్నా, నువ్వు తొక్కింది పొద్దున్నే, సల్లగుండంగ. నేను తొక్కింది మిట్టమధ్యాన్నం."

"బ్రేకుకు పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి ఉంటాదాప్పా?" అన్నాను. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

శెట్టి అక్కడే తాళాలు తీసుకున్నాడు. ఆదోనిలో ఇంకెవరూ మద్దిలేటికి బండి ఇవ్వలేదు. నిద్రపోయిన డ్రైవరు అనే పేరు పడినవాడికి ఎవరిస్తారు? కొన్నాళ్లు యార్డులో మూటలు మోసి, తర్వాత పల్లెకు పోయాడని విన్నాను.

చెంచాలో ఆయిల్

మరుసటి ఎండాకాలం హాలహర్వి నుంచి ఒక జీపు వచ్చింది. నేనే బ్రేకులు టైటు చేసి, ట్రయలుకని మధ్యాహ్నం యార్డు వైపు తోలాను. బండ్ల మధ్య ఆపుతూ, కదిలిస్తూ పోతుంటే కమురు వాసన వచ్చింది. తర్వాతిసారి తొక్కినప్పుడు కాలు నేలకు ఆనింది. ఏమైందో అర్థం కాక తల వంచి పెడల్ వైపు చూశాను. తల ఎత్తేసరికి ముందు ఎద్దుబండి. గేరు తగ్గించి మురుగు కాలవలోకి దించాను కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

పక్కన బంకులో టీ తాగి, కాసేపాగి వచ్చి మళ్లీ తొక్కాను. బ్రేకు గట్టిగా ఉంది. అప్పుడు మద్దిలేటి మాట చెవిలో పడినట్టయింది. తల వంచిన సంగతి కూడా అప్పుడే వెలిగింది. అర్చకుడు అబద్ధం చెప్పలేదు. నా తలను చూసినవాడు కూడా నిద్రపోయాడనే అనేవాడు.

షెడ్డుకు పోయి ఇసుకలోని డబ్బా నుంచి కొంచెం ఆయిల్ ఒక పాత చెంచాలో తీసి స్టవ్వు మీద పెట్టాను. కొంచెం కాగగానే చిటపటలాడుతూ బుడగలు పొంగాయి. చెంచా తుడిచి, సీలు తీయని డబ్బా కొత్తగా విప్పి అందులోది పోసి అలాగే పెట్టాను. కదల్లేదు. అంతకు రెండింతలు సేపు కాగినా కదల్లేదు. మీరు ఈ పరీక్ష చెయ్యకండి, ఆవిరి అంటుకుంటే ముఖం కాలుతుంది. నాకు అప్పుడు ముఖం కాలినా బాగుండుననిపించింది.

మేస్త్రిని పిలిచి రెండూ చూపించాను. ఆయన కడవ దించి, ఇసుకలోని డబ్బాలన్నీ పీకి, షెడ్డు వెనక పారబోశాడు. "పానీ నేనే తాగించినాను రా బండ్లకు," అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

ఆ రోజు నుంచి మా షెడ్డు పని మారింది. చిన్న డబ్బాలే కొనడం, మూత తీసింది మిగిలితే పారబోయడం, వానాకాలం పోయాక ప్రతి బండికీ ఆయిల్ మొత్తం మార్చడం, చక్రం చేత్తో వదులుగా తిరిగేలా బ్రేకు పెట్టడం. ఓనరు తొక్కి చూసి పెదవి విరిస్తే విరవనీ అనుకున్నాం. బండి ఇచ్చేముందు మధ్యాహ్నం బజారులో తిప్పి, డ్రమ్ములు కాలుతున్నప్పుడు మళ్లీ తొక్కి చూడటం మొదలుపెట్టాం. మెల్లగా మిగతా షెడ్లూ నేర్చుకున్నాయి. మా పేరు పెరిగింది. ఎందుకు మార్చారని అడిగితే, ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చిందని చెప్పాను.

గురువు పేరు చెప్పి

మద్దిలేటి దగ్గరికి వెంటనే పోలేదు. ఇదే ఇందులో అన్నిటికన్నా చెడ్డ సంగతి. తెలియక చెప్పిన మాటకు తెలియనితనం అడ్డం ఉంది. తెలిశాక మాట్లాడకపోవడానికి ఏముంది?

మేస్త్రి పెద్దవాడైపోయాడు, ఆయన నేర్పిన పద్ధతి తప్పని ఊరంతా చెప్పుకుంటే తట్టుకోలేడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. ఎక్కువ భాగం మాత్రం నా భయమే. శెట్టి ముందు, ఆ వీధి ముందు నిలబడి, ఆ రోజు నవ్విన నోటితో తప్పయిందని చెప్పాలి. అందుకు నా కాళ్లు రాలేదు. గురువు మీద గౌరవమని దానికి పేరు పెట్టుకున్నాను. మేస్త్రి దగ్గు ముదిరి షెడ్డుకు రావడం మానేదాకా అలాగే గడిపాను. ఒకసారి చూడటానికి పోతే ఆయనే, "ఆ డ్రైవరుకు చెప్పినావా?" అని అడిగాడు. లేదన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కాపాడుతున్నాననుకున్న మనిషి ఇన్నాళ్లూ నేను చెప్పే ఉంటానని అనుకున్నాడన్నమాట. మరుసటి రోజే దేవనకొండ బస్సెక్కాను.

పల్లెలో

ఎనభైలు మొదలై కొన్నేళ్లయింది. పల్లెలో మద్దిలేటి వేరేవాళ్ల శెనగచేలో కలుపు తీస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను గుర్తుపట్టి, గట్టు మీదికి వచ్చి, మర్యాదగా ఇంటికి తీసుకుపోయాడు. ఎందుకొచ్చావని అడగలేదు. నులక మంచం వాల్చాడు. నేను కూర్చోకుండానే, ఆ రోజు బ్రేకు నిజంగానే పట్టలేదని, లోపం నేను పోసిన ఆయిల్‌దని, ఆ తల వంచడం పెడల్ చూసుకోడానికేనని, నాకూ అలాగే జరిగిందని గబగబా చెప్పేశాను. తిడతాడని, కొడతాడని సిద్ధపడే వచ్చాను.

అతను అడిగాడు.

"నిజంగా బ్రేకేనా అన్నా? నిద్ర కాదా?"

బ్రేకేనన్నాను.

"మొదట్లో బాగా తెలుసు. కాలు దిగబడింది తెలుసు. అందరూ అదే అంటాంటే, నువ్వు గూడా తొక్కి సూసి సెప్పినంక, నాకే అనుమానమొచ్చె. నిద్రబోయినానేమో, కలలో బ్రేకు తొక్కినానేమో అనుకుంటి." లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. "ఇంగోసారి సెప్పన్నా. ఈమె విననీ."

మళ్లీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అప్పటి నుంచి ఆయన సరిగా నిద్రపోలేదని, కన్ను మూతబడితే ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడని, కాలు చాపి నేలను తొక్కుతాడని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. నీళ్ల చెంబు ఇచ్చింది.

"ఆ వీధిలో గూడా సెప్పల్ల," అన్నది. అంతే.

మళ్లీ ఆ వీధి

మరుసటి రోజు మద్దిలేటీ నేనూ ఎమ్మిగనూరు పోయాం. నాగన్న అదే వీధిలో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది, మగ్గం ఎక్కలేడు, నూలు చిక్కులు తీస్తున్నాడు. ఆయన పక్కన చేరి, తల దించుకుని, మెల్లగా అంతా చెప్పాను. ఆయన నూలు పక్కన పెట్టి విన్నాడు. మద్దిలేటి వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు.

"ఆ పొద్దు బ్రేకు బాగుండాదని నువ్వు సెప్పినప్పుడు ఈ వీధంతా వినె. ఈ పొద్దు నేనొక్కన్నే వింటాండాను గదప్పా."

లేచాను. మొదటి ఇంటి గడప ముందు నిలబడి పిలిచి చెప్పాను. తర్వాత పక్క ఇల్లు. కొందరికి ఆ సంగతే గుర్తులేదు, గుర్తు చేసి మరీ చెప్పాల్సి వచ్చింది. కొందరు మగ్గం ఆపకుండా విన్నారు. ఒకావిడ, ఇన్నేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావని అడిగింది. భయపడ్డానన్నాను. మద్దిలేటి కొన్ని ఇళ్ల దాకా నా వెనకే వచ్చాడు, తర్వాత ఆగిపోయాడు. నేను చూసుకోలేదు. వీధి చివరిదాకా, రెండు వరుసలూ పూర్తి చేసి, ఎండ వాలుతుండగా వెనక్కి వచ్చాను.

బండి కొట్టుకున్న అరుగు మీద, నాగన్న పక్కన, మద్దిలేటి చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. వీధిలో పడుగు దువ్వే ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. బస్సుకు వేళయిందని లేపబోయాను. నాగన్న తన వంకర చెయ్యి అడ్డం పెట్టాడు. నేను పక్కనే కింద కూర్చున్నాను. ఆ సాయంత్రం బస్సు పోయింది, తర్వాతిదీ పోయింది. లేపలేదు.